నేషనల్ లైను డ్రైవరుగా చేరాలంటే జీతం మీద మేలా, గుత్త మీద మేలా?

ప్రశ్న
రాసినవారు: రామభద్రపురం కుర్రాడు

అందరికీ నమస్కారం. నా వయసు 25. మాది విజయనగరం జిల్లా రామభద్రపురం పక్కన ఒక పల్లె. హెవీ లైసెన్సు చేతికి వచ్చినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, కంకర టిప్పరు నడుపుతున్నాను. పొద్దున్నే క్వారీకి వెళ్లి చీకటి పడేలోగా ఇల్లు చేరే పని కావడంతో రాత్రిపూట నడపడం గానీ, వంద కిలోమీటర్లు దాటి వెళ్లడం గానీ నాకు అలవాటు లేదు.

సాలూరులో మాకు దూరపు చుట్టమైన ఒక యజమాని తన పది టైర్ల లారీకి డ్రైవరు కావాలని కబురు పంపారు. విశాఖపట్నం పోర్టులో ఎరువులు ఎక్కించి, సాలూరు ఘాటు మీదుగా కోరాపుట్, జగదల్‌పూర్ దాటి రాయపూర్‌లో దించాలి. తిరుగు లోడు ఇనుము. లోడు దొరకకపోతే నాగపూర్ వరకు పోవలసి రావచ్చునని కూడా చెప్పారు. ఆయన నా ముందు రెండు పద్ధతులు పెట్టారు. మొదటిది నెలకు 15,000 రూపాయల జీతం, లారీ మీద ఉన్న ప్రతిరోజుకూ 300 రూపాయల బత్తా. రెండోది గుత్త. అంటే ట్రిప్పుకు ఇంత అని ముందే మాట్లాడుకుని మొత్తం చేతికి ఇచ్చేస్తారు, డీజిలు, దారి ఖర్చులు, లోడింగు దగ్గర మామూళ్లు అన్నీ అందులోంచే పెట్టుకోవాలి, మిగిలిందంతా నాది. టోలు మాత్రం ఫాస్టాగ్ ద్వారా ఆయన ఖాతాలోంచే పోతుంది. చురుకైన డ్రైవరుకు ట్రిప్పుకు ఏడెనిమిది వేలు మిగులుతాయని, నెలకు నాలుగు ట్రిప్పులు వేస్తే జీతానికి రెట్టింపు వస్తుందని ఆయన అంటున్నారు.

డబ్బు చూస్తే గుత్త వైపే మనసు లాగుతోంది. అయితే క్లీనరు ఉండడట, రెండో డ్రైవరు మాట అసలే లేదు. మా అమ్మ ఘాటు పేరెత్తితేనే అన్నం ముద్ద దించేస్తోంది. అనుభవం ఉన్నవారు ఏ పద్ధతి మేలో, చేరేముందు యజమానితో ఏమేమి తేల్చుకోవాలో చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1
రాసినవారు: పాత స్టీరింగు

తమ్ముడూ, నేను 1999లో క్లీనరుగా ఎక్కి 2004 నుంచి ఇదే దారిలో స్టీరింగు మీద ఉన్నాను. జీతం మీదా నడిపాను, గుత్త మీదా నడిపాను. నీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పగలను గానీ, కారణం చెప్పకపోతే నీకు నమ్మకం కుదరదు కనుక ముందు ఒక ట్రిప్పు ఎలా నడుస్తుందో చెబుతాను.

మొదటి రోజంతా పోర్టు దగ్గర వరసలోనే గడుస్తుంది. సాయంత్రానికి లోడు పడితే కాటా వేయించి, టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. క్లీనరు లేడంటున్నావు కనుక ఆ పట్టా కప్పడం, తాడు విసరడం, మళ్లీ అవతలి వైపుకు వెళ్లి అందుకుని లాగడం అన్నీ నీవే. సాలూరు చేరి పడుకుని, తెల్లవారుజామున ఘాటు ఎక్కితే సుంకి దాటి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా మధ్యాహ్నానికి కోరాపుట్ వస్తుంది. జయపురం, బొరిగుమ్మ దాటి రాత్రికి జగదల్‌పూర్ చేరవచ్చు. మర్నాడు కొండగావ్ తరువాత కేశ్‌కాల్ ఘాటు వస్తుంది. పన్నెండు మలుపులున్న ఆ ఘాటులో తేలిన్ మాత గుడి దగ్గర ఆగి దండం పెట్టుకోని డ్రైవరు నాకు తెలిసి లేడు. కాంకేర్, ధమ్‌తరి దాటి ఆ సాయంత్రానికి రాయపూర్. మొత్తం దారి ఆరు వందల కిలోమీటర్లకు కాస్త లోపు, రెండు పగళ్ల పని.

కానీ రానుపోను ట్రిప్పుకు సుమారు పది రోజులు పడుతుంది. ఎందుకంటావా? గోదాము దగ్గర దించడానికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు. తిరుగు లోడు కోసం బ్రోకరు చుట్టూ తిరగడం ఒక రోజు. సిల్తరా పారిశ్రామిక వాడలో ఏదో ఒక కర్మాగారం గేటు ముందు టోకెను తీసుకుని, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియక లారీ వదిలి పోలేక మరో రెండు రోజులు. ఆ పది రోజుల్లో నీ చేయి స్టీరింగు మీద ఉండేది నలభై ఐదు గంటలకు మించదు. మిగతాదంతా నిరీక్షణే. మే నెలలో ఆ గేటు ముందు రేకులా కాలిన క్యాబిన్‌లో కూర్చోలేక లారీ కిందే గోనె పరుచుకుని పడుకున్న మధ్యాహ్నాలు నాకు లెక్కలేదు. 2025లో కొత్త భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు గానీ, నీకు ఇస్తున్నది పాత బండే అయివుంటుంది.

ఇక గుత్త సంగతి చూడు. గుత్తలో ఆ నిరీక్షణకు పైసా రాదు. రెండు రోజులు గేటు దగ్గర పోతే, ఆ రెండు రోజులను నువ్వు దారిలోనే సంపాదించుకోవాలి. ఎక్కడ సంపాదిస్తావు? నిద్రలోనూ డీజిల్లోనూ. నాకు తెలిసిన వాళ్లు ఘాటులో నష్టపోయింది ఘాటు తెలియక కాదు, గుత్త లెక్క తలలో తిరుగుతూ ఉండటం వల్ల.

నా సంగతే చెబుతాను. 2011లో వర్షాకాలం, గుత్త మీద నడుపుతున్న రోజులు. రాయపూర్‌లో నాలుగు రోజులు ఆగిపోయి, ఇనుప కడ్డీల లోడుతో తిరిగి వస్తూ సుంకి దాటాక దిగుడులో గేరు తీసి న్యూట్రల్ చేశాను. లీటరో రెండు లీటర్లో మిగులుతాయని ఆశ. మూడో మలుపుకు వచ్చేసరికి కాలిన బ్రేకు లైనరు వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. బ్రేకు పెడలు నొక్కితే గాలి శబ్దమైతే వస్తోంది, బండి మాత్రం పట్టుబడటం లేదు. ఆ వేగంలో గేరు మళ్లీ పడదు. కొండ వైపున్న కాలవలోకి ఎడమ టైర్లు దించి, రాతిగోడకు బాడీ రాపిడి చేయిస్తూ పోతే ఎనభై గజాల దూరాన ఆగింది. దిగి చూస్తే వెనక బ్రేకు డ్రమ్ముల నుంచి పొగ వస్తోంది. పక్కనే వాగు ఉంది కదా అని డబ్బాతో నీళ్లు తెచ్చిన నన్ను వెనక బండి డ్రైవరు చేయి పట్టుకుని ఆపాడు. కాగిన డ్రమ్ము మీద చల్లని నీళ్లు పోస్తే పగిలిపోతుంది, దాన్ని దానంతట అదే చల్లారనివ్వాలి.

ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించుకో, ఇంజనుతోనే బండి వేగాన్ని అణిచే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకో, పెడలు మీద అదేపనిగా కాలు పెట్టి ఉంచకు, బ్రేకు గాలి మీటరు మీద ఒక కన్ను వేసి ఉంచు. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా.

నా జవాబు: జీతం మీదే చేరు. అయితే జీతం ఎంత అన్నదాని కంటే ముందు, ఆగిన రోజులకు ఏమిస్తారన్నది అడుగు.

జవాబు 2
రాసినవారు: రెండు లారీల ఆసామి

పాత స్టీరింగు గారు చెప్పినదాంట్లో ముప్పాతిక నేనూ ఒప్పుకుంటాను. అయితే యజమాని వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కనుక రాస్తున్నాను. నేనూ పద్నాలుగేళ్లు డ్రైవరుగా చేసినవాణ్నే.

కిరాయిలో కొంత అడ్వాన్సుగా వస్తుంది, మిగిలింది సరుకు దించినట్టు సంతకమైన రసీదు ఆఫీసుకు చేరాక గానీ రాదు. అది నెలన్నర పట్టిన సందర్భాలున్నాయి. ఈలోగా ఫైనాన్సు కిస్తీ తేదీ మారదు. ఇన్సూరెన్సు, నేషనల్ పర్మిట్ కోసం ఏటా కట్టే 16,500, టైర్లు ఇవేవీ ఆగవు. గేటు దగ్గర లారీ మూడు రోజులు ఆగితే సరుకు పార్టీ నాకు హాల్టింగు, అంటే ఆగిన రోజుల డబ్బు, ఇవ్వదు. కాగితం మీద ఉంటుంది, అడిగితే వచ్చే లోడు ఇంకొకరికి పోతుంది. నాకు రాని డబ్బు డ్రైవరుకు ఎక్కడి నుంచి తేవాలన్నది యజమానులందరి గోడు.

జీతం మీద నడిపించిన రోజుల్లో నా లారీ సాలూరు దగ్గర రెండేసి రోజులు నిద్రపోయేది. ఊరు దారిలోనే ఉంది కదా, డ్రైవరు ఇంటికి వెళ్లేవాడు. అందులో తప్పేముందని మీరు అడగవచ్చు. తప్పు లేదు, కానీ నెలకు రెండున్నర ట్రిప్పులతో కిస్తీ తీరదు. అందుకే 2019లో గుత్తకు మారాను. వెంటనే నెలకు నాలుగు ట్రిప్పులు పడ్డాయి, నేనూ సంతోషించాను.

ఆ సంతోషం ఏడాది నిలిచింది. లైనర్లు మామూలుగా వచ్చే కాలంలో సగం కూడా రాలేదు, ఒక డ్రమ్ము చిట్లింది. రెండో లారీ కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్-6 బండి, దానికి డీజిలుతో పాటు పొగలో కాలుష్యం తగ్గించే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. ఆ ఖర్చు గుత్తలోదే కావడంతో డ్రైవరు దారిపక్కన చౌకగా దొరికిన డబ్బాలు పోయించాడు. వారానికే హెచ్చరిక దీపం వెలిగి, ఇంజను శక్తి తగ్గిపోయి, లోడుతో సహా ధమ్‌తరి దగ్గర నిలిచింది. ఆ మరమ్మతు ఖర్చుతో ఆరు నెలల యాడ్‌బ్లూ కొనవచ్చు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. నేను పెట్టిన లెక్కలో అతనికి అలా చేయడమే లాభం.

ఇంకొక సంగతి. న్యూట్రల్‌లో దిగితే డీజిలు మిగులుతుందన్నది ఘాటులో అసలు నిజమే కాదని సర్వీసు సెంటరు మెకానిక్ నాకు విడమరిచి చెప్పాడు. గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పంపు డీజిలు ఇవ్వడం ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు తాగుతూనే ఉంటుంది. అంటే ప్రాణం పణంగా పెట్టి కొంచెం ఎక్కువే కాలుస్తున్నామన్నమాట. ఇది ముప్పై ఏళ్ల డ్రైవర్లకు చెప్పినా నవ్వేస్తారు.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. జీతం తక్కువే, కానీ కిలోమీటరుకు ఇంత అని బత్తా ఇస్తాను, గేటు దగ్గర మొదటి రోజు దాటాక ఆగిన ప్రతిరోజుకూ వేరే బత్తా ఇస్తాను. డీజిలు, యాడ్‌బ్లూ, లైనర్లు నావే. జీపీఎస్ ఉంది, టోలు పడినప్పుడల్లా ఫాస్టాగ్ సందేశం నా ఫోనుకే వస్తుంది కనుక లారీ ఎక్కడుందని నేను డ్రైవరును గంటగంటకూ అడగనక్కర్లేదు. మీ చుట్టాన్ని ఈ పద్ధతి అడిగి చూడండి. చుట్టరికం ఉంది కనుక మొహమాటపడతారేమో, అదొక్కటే నా భయం.

జవాబు 3
రాసినవారు: సాలూరు గృహిణి

నేను లారీ నడపను గానీ పందొమ్మిదేళ్లుగా ఒక లారీ డ్రైవరు ఇంటిని నడుపుతున్నాను. మీ అమ్మగారి మాట రాశారు కనుక నేనూ రాయాలనిపించింది.

ఘాటు భయం కొన్నాళ్లకు అలవాటవుతుంది, బాబూ. పి.కోనవలస దాటాక ఫోను సరిగా కలవదని తెలిశాక, ఆ గంటన్నర నేను ఫోను వంక చూడటం మానేశాను. అలవాటు కానిది లెక్క. మా ఆయన ట్రిప్పు ముగించి వచ్చినప్పుడు యజమాని ఖర్చులన్నీ తీసివేసి, అడ్వాన్సు తీసివేసి, సరుకులో తరుగు వచ్చిందని మరికొంత తీసివేసి, చివరికి చేతిలో పెట్టేది ఎంత ఉంటుందో ఆయనకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఒకసారి బస్తాలు నాలుగు తగ్గాయని కోత పెట్టారు. బస్తాలు లెక్కపెట్టింది హమాలీలు, సంతకం పెట్టింది గుమస్తా, డబ్బు పోయింది మాది.

అప్పటి నుంచి నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. రోజూ రాత్రి ఆయన ఫోను చేసినప్పుడు ముందు తిన్నారా అని అడుగుతాను, తరువాత ఆరోజు ఎక్కడున్నారు, డీజిలు ఎంత పోయించారు, ఎవరికి ఏమిచ్చారు అని అడిగి రాసుకుంటాను. తేదీ, ఊరు, ఖర్చు, నడిచిన రోజా ఆగిన రోజా అన్నవి నాలుగు గళ్లు. మొదట్లో ఆయన విసుక్కునేవారు. ఒక దీపావళికి యజమానితో లెక్క తేడా వచ్చి, ఆగిన రోజులు ఆరని యజమాని, పదకొండని మేము అన్నప్పుడు, నేను పుస్తకం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. తేదీలతో సహా ఉండేసరికి యజమాని మారుమాట్లాడలేదు.

పండుగల సంగతి కూడా ముందే అనుకోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పిల్లల్ని తీసుకెళతానని మాట ఇచ్చి ఆయన గేటు ముందు టోకెనుతో కూర్చున్న ఏళ్లు నాలుగున్నాయి. ఏ రెండు పండుగలకు ఇంటి దగ్గర ఉండాలో చేరే రోజే చెప్పుకున్నవారికి సెలవు దొరుకుతుంది, ఆ వారంలో అడిగినవారికి దొరకదు.

ఇంకొకటి, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. బత్తా మాత్రం ఎక్కేముందు చేతిలో తీసుకోండి. దారిలో బత్తా అయిపోతే ధాబాలో అప్పు పెట్టడమో, పస్తుండటమో చేస్తారు. మా ఆయనకు చక్కెర వ్యాధి వచ్చింది అలా వేళకాని వేళ తిని, మధ్యలో టీలతో కడుపు నింపుకునే. ఇప్పుడు సైడు పెట్టెలో చిన్న స్టవ్వు, బియ్యం, చారుపొడి, చింతకాయ పచ్చడి ఉంటాయి. లారీ ఆగిన రోజున వండుకుంటారు.

జవాబు 4
రాసినవారు: ఎల్.ఆర్. గుమస్తా

విశాఖలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పదహారేళ్లుగా లారీ రసీదులు రాస్తున్నాను. కాగితాల విషయంలో డ్రైవరు మీదికి వచ్చేవి కొన్ని ఉన్నాయి, అవి ఎవరూ చెప్పలేదు.

మీది పది టైర్ల లారీ. 2018లో బరువు పరిమితులు పెంచినప్పుడు ఈ రకం బండికి లోడుతో కలిపి 25 టన్నులున్నది 28.5 టన్నులయింది. గుత్తలో ఇంకో రెండు టన్నులు ఎక్కిస్తే కిరాయి పెరుగుతుందని ఆశపెడతారు. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000, దానిపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది. జరిమానా యజమాని కడతాడు సరే, అధిక లోడుకు కనీసం మూడు నెలలు సస్పెండయ్యేది మాత్రం డ్రైవరు లైసెన్సు. ఆ మూడు నెలలు ఇంట్లో కూర్చునేది మీరే. సరుకు లారీలో మనుషుల్ని ఎక్కించుకున్నా ఇదే శిక్ష. ఘాటులో చేయి ఎత్తినవారిని చూస్తే జాలి వేస్తుంది, పది ఇరవై రూపాయలూ వస్తాయి, కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది వాళ్లు ఎందుకున్నారనే.

సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు సంగతి. దూరంలో ప్రతి 200 కిలోమీటర్లకు, చివరన మిగిలిన ముక్కకు కూడా ఒక్కొక్క రోజు గడువు ఇస్తారు, అంటే మీ రాయపూర్ ట్రిప్పుకు మూడు రోజులు. ఇది 2021 జనవరికి ముందు 100 కిలోమీటర్లకు ఒక రోజుగా ఉండేది. బండి చెడిపోయి ఆగితే గడువు దాటకముందే ఆఫీసుకు ఫోను చేయండి. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకే పొడిగించే వీలుంటుంది. డ్రైవరు నిద్రలో ఉండి మర్నాడు మధ్యాహ్నం ఫోను చేస్తే మేమూ ఏమీ చేయలేము, దారిలో పట్టుకుంటే సరుకుతో సహా బండి నిలబెడతారు. సరుకు వేరే లారీలోకి మార్చవలసి వస్తే కొత్త నంబరు బిల్లులో మార్పించకుండా కదలవద్దు.

రెండో డ్రైవరు గురించి అడిగారు. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది, 2018లో తీసేశారు. కాబట్టి చట్టం చూపించి అడగలేరు. కానీ పనిగంటలు వేరు. దూరప్రయాణమైనా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు మించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ఐదు గంటలకు ఒకసారి కనీసం అరగంట విరామం కూడా ఆ పాత చట్టంలోనే ఉండేది. ఇది అమలైన చోటు నేను చూడలేదు, అయినా మాట్లాడుకునేటప్పుడు మీ చేతిలో ఒక అంకె ఉండటం మంచిది.

ప్రమాదం జరిగితే ఏం చేయాలన్నది ఎవరూ ముందుగా అనుకోరు. 2024 జనవరి మొదటి వారంలో ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే కొత్త శిక్షాస్మృతిలో పెట్టిన పదేళ్ల శిక్షకు భయపడి డ్రైవర్లు బళ్లు ఆపేసి, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఉపసెక్షను ఒక్కదాన్నీ పక్కన పెట్టి మిగతా చట్టాన్ని ఆ ఏడాది జూలై 1 నుంచి అమలులోకి తెచ్చారు. అయితే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ఎప్పటి నుంచో ఉంది. దెబ్బ తగిలినవారికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు వీలైనంత త్వరగా, ఎలాగైనా 24 గంటలలోపు చెప్పాలి. గుంపు ఆగ్రహం వల్ల అక్కడ నిలబడలేని పరిస్థితి ఉంటే వైద్యం విషయంలో మినహాయింపు ఆ సెక్షనులోనే ఉంది. కనుక జనం మీదికి వస్తే బండి వదిలి నేరుగా దగ్గరి స్టేషనుకు వెళ్లండి, ఊరికి పారిపోవద్దు.

చివరిగా, గుత్త మీద నడిపేవారికి ఒక చిక్కు. పనిలో ఉండగా ఏదైనా జరిగితే పరిహారం జీతాన్ని, వయసును బట్టి లెక్కగడతారు. గుత్త డ్రైవరుకు జీతం ఎంతో చూపే కాగితమే ఉండదు. పైన సాలూరు అమ్మగారు బ్యాంకులో వేయించుకోమన్నది ఇంటి ఖర్చు కోసం కావచ్చు, కానీ ఆ బ్యాంకు పుస్తకమే రేపు సాక్ష్యం.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: రామభద్రపురం కుర్రాడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత స్టీరింగు అన్నగారూ, ఒక్క సందేహం. టిప్పరు పనిలో రోజూ చీకటి పడేలోగా ఇల్లు చేరి రాత్రంతా నిద్రపోయేవాణ్ని. రాత్రి నడపవలసి వస్తే ఎంతసేపటికి ఆపాలి? ఒంటరిగా ఉన్నప్పుడు బండిని ఎక్కడ పెట్టుకుని పడుకోవాలి?

జవాబు 5
రాసినవారు: పాత స్టీరింగు

రాత్రి రెండు నుంచి ఐదు వరకు బండి నిలిచే ఉండాలని పెట్టుకో. ఆ వేళలో కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు. అద్దం దింపుకోవడం, పాటలు పెట్టుకోవడం, మిరపకాయ కొరకడం అన్నీ అరగంట పనిచేస్తాయి. ఎదురు బండి లైట్లు రెండుగా కాక ఒకటిగా కనబడిన క్షణాన పక్కకు తీసి ఆపెయ్. గుత్తలో ఉంటే ఆపబుద్ధి కాదు, అందుకే అంతగా చెప్పాను.

పడుకునేది పెట్రోలు బంకులోనో, లారీలు పదైనా ఉన్న ధాబాలోనో అయి ఉండాలి. డీజిలు ట్యాంకు ఉన్న వైపును పక్క లారీకి మనిషి దూరేంత సందు కూడా లేకుండా ఆనించి పెట్టు. నిద్ర లేవగానే స్టార్టు చేయకు. ముందు ఇనుప రాడ్డుతో పది టైర్లనూ ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ చుట్టూ తిరుగు. గాలి ఉన్న టైరు రాడ్డును వెనక్కి విసురుతుంది, గాలి తగ్గినది మెత్తగా మూలుగుతుంది. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో వంగి చూడు. క్వారీలో పనిచేసినవాడివి కనుక ఆ రాయి ఏం చేస్తుందో నీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: రామభద్రపురం కుర్రాడు

పది రోజుల తరువాత రాస్తున్నాను. మొదట యజమాని నొచ్చుకున్నారు. చుట్టాల మధ్య కాగితాలేమిటన్నారు. నేను రెండు లారీల ఆసామి గారు రాసింది ఆయనకు చదివి వినిపించాను. యాడ్‌బ్లూ దగ్గరకు వచ్చేసరికి ఆయన నవ్వారు, తనకూ అదే జరిగిందట. చివరకు జీతం 14,000, కిలోమీటరు లెక్కన బత్తా, గేటు దగ్గర రెండో రోజు నుంచి ఆగిన ప్రతిరోజుకూ 250 అని ట్రిప్పు షీటు వెనక రాసి సంతకం చేశారు. జీతం అమ్మ ఖాతాలో వేస్తారు. సంక్రాంతికీ సిరిమానోత్సవానికీ ఇంటి దగ్గరే ఉంటాను. రెండో డ్రైవరుకు ఒప్పుకోలేదు గానీ, మొదటి రెండు ట్రిప్పులకు ఘాటు తెలిసిన పాత క్లీనరును కోరాపుట్ వరకు పంపుతానన్నారు.

అమ్మ నాలుగు గళ్ల నోటుపుస్తకం కొనిపించుకుంది. గురువారం విశాఖ పోర్టులో ఎరువుల లోడుకు మా బండి నంబరు వేశారు.